అనుకున్నట్టే పనిచేస్తోంది

హౌకిపుదాస్,
అక్టోబరు 12, శనివారం.

చిరంజీవి తమ్ముడు తూరెకు,

దేవుని సమాధానం నీకూ నీ పడవకూ తోడుండాలని కోరుతూ అక్క హెల్కా రాస్తున్నది. ఇక్కడ బతికున్నవాళ్ళం అందరం క్షేమం. నీ క్షేమం ఉత్తరంలో చదివాను. మోకాలి నొప్పికి ఉన్ని పట్టీ ఒకటి ఇందులో పెట్టాను. అమ్మ అల్లినదే. జతలో రెండోది సగంలో ఆగిపోయింది. దాన్ని నేను పూర్తిచేయలేదు, సూదులతో సహా అలాగే ఉంచాను.

వార్డో రేవు నుంచి నీ ఉత్తరం రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. అందులో నువ్వు మూడు అడిగావు. అమ్మ సమాధి రాయి మీద ఏం చెక్కించామని. ఆ నర్సు మీద ఫిర్యాదు ఇంకా ఎందుకు పంపలేదని. చివర్న, ఊరికే అడిగినట్టుగా, "అక్కా, ఇరవై ఏళ్ళుగా నువ్వు ఆ ఆఫీసులో చేసే పనేమిటో నాకు సరిగ్గా తెలియదు. అమ్మ ఏదో చెప్పి నవ్వించేది. ఇప్పుడు నువ్వే చెప్పాలి" అని.

ఆ చివరి దానితోనే మొదలుపెడతాను. మిగతా రెండింటికీ దారి అటునుంచే ఉంది. ఒక్క ఉదయం చెబితే నా పని మొత్తం చెప్పినట్టే.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం. లేచేసరికి బయట మైనస్ ఇరవైనాలుగు డిగ్రీలు. ఓట్స్ జావ కాచుకుని, లింగన్ పండ్ల గుజ్జు వేసుకుని తిన్నాను. రోజూలాగే ఒక కీర్తన చదివి, మీ అందరి పేర్లూ వరసగా చెప్పి ప్రార్థించాను. అమ్మ పేరు మొదట, నీ పేరు చివర. ఫ్రిజ్‌లోంచి ఏలకుల బన్నులు నాలుగు తీసి సంచిలో పెట్టాను. మధ్యాహ్నం పన్నెండుకి వృద్ధాశ్రమంలో ఉన్న అమ్మ దగ్గరికి వస్తానని మాటిచ్చి ఉన్నాను. వాకిలి మంచు ఊడ్చి, ఏడూ పదికి ఔలు నగరానికి వెళ్ళే బస్సు ఎక్కాను. డ్రైవరు తలూపాడు, నేను తలూపాను.

ఆఫీసులో మేం ఏడుగురం. గుమ్మంలో బూట్లు విప్పి అందరం ఉన్ని మేజోళ్ళతోనే తిరుగుతాం. మేము చేసేది ఆపరేటింగ్ సిస్టమ్. యంత్రంలో అన్నిటికంటే ముందు మేలుకునేది, మిగతావాటన్నిటికీ చోటు చూపించేది అదే. అందులో నా వంతు తాళాలు. ఏ ఫైలు ఎవరు తెరవచ్చు, ఎవరు తెరవకూడదు అన్నది మావాళ్ళు రాస్తారు. అది నిజంగా అలాగే ఉందా లేదా అని నేను చూస్తాను. అమ్మ నీతో చెప్పింది ఇదే అయ్యుంటుంది: "మా పెద్దది పగలంతా తలుపులు లాగి లాగి చూస్తుంది. దొంగ చేసే పనే, కాకపోతే నెలజీతం మీద."

పాత పద్ధతిలో ప్రతి ఫైలుకీ ఒక యజమాని ఉంటాడు. యజమానికి ఇంత, అతని బృందానికి ఇంత, పరాయివాళ్ళకి ఇంత అని అనుమతులు ఉంటాయి. నువ్వూ నేనూ పుట్టిన కాలం నుంచి లోకం దాని మీదే నడుస్తోంది. మావాళ్ళు కొత్తది కడుతున్నారు. అందులో యజమాని ఉండడు. తాళంచెవి చేతి నుంచి చేతికి వెళ్ళినట్టు అనుమతి ఒకరి నుంచి ఒకరికి వెళుతుంది. ఇచ్చినవాడు ఉద్యోగం మాని వెళ్ళిపోతే, అతను ఎవరెవరికి ఇచ్చాడో వాళ్ళందరి చేతుల్లోంచీ ఆ చెవులు పోతాయి. ఇంకొక సంగతి కూడా ఉంది. చెవి లేనివాడు వచ్చి తలుపు లాగితే "నీకు అనుమతి లేదు" అని అది చెప్పదు. తలుపే చూపించదు. అక్కడ గోడే ఉన్నట్టు ఉంటుంది.

నేను పరీక్షకోసం మనుషులను కల్పించుకుంటాను. మిగతావాళ్ళు వాళ్ళకి ఒకటో మనిషి, రెండో మనిషి అని పేర్లు పెడతారు. నేను బైబిలు పేర్లు పెడతాను. ఆ ఉదయం మార్త, తబిత. మార్త చేత ఒక ఫోల్డర్ తెరిపించి అందులో మూడు ఫైళ్ళు పెట్టించాను. మార్త చేత తబితకు అనుమతి ఇప్పించాను. తబిత చూసింది, మూడూ కనిపించాయి. తరవాత మార్తను తీసేశాను, ఉద్యోగం మానేసినట్టు. మళ్ళీ తబితగా వెళ్ళి ఆ ఫోల్డర్ తెరిచాను.

ఫోల్డర్ తెరుచుకుంది. లోపల ఉన్నవి ఎన్ని అన్నచోట సున్నా.

తప్పు జరిగినట్టు ఎర్రగీత రాలేదు. ఏ మాటా రాలేదు. ఎవరు ఎప్పుడు ఏం చేశారో రాసుకునే చిట్టాలో కూడా "తబిత తెరిచింది, సఫలం" అని పడింది. నేను ఆ సున్నా కేసి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. మూడు ఉన్నాయని నాకు తెలుసు. తబితకు తెలియదు. తబిత స్థానంలో నేనుంటే, ఎవరైనా "అందులో ఏముంది?" అని అడిగితే, "ఏమీ లేదు" అని చెబుతాను. అబద్ధం చెప్పానని కూడా నాకు తెలియదు.

దొరికిన తప్పులు రాసే చోట రాశాను: "ఖాళీగా ఉన్నదానికీ, చూపించకుండా దాచినదానికీ తేడా తెలియడం లేదు." తీవ్రత అన్నచోట "పెద్దది" అని పెట్టాను. అంతలో రౌనో కాఫీకి పిలిచాడు. రౌనో అంటే మా జట్టుకు పెద్ద, వయసులో నాకంటే పన్నెండేళ్ళు చిన్న.

ఆ ఉదయం ప్రస్తుతానికి అక్కడ ఆపుతాను.

ఇక సమాధి రాయి. అమ్మ పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, కీర్తన సంఖ్య. అంతే. నాన్న రాయి పక్కనే, అదే ఎత్తు. మీ అన్న ఆర్వి ఇంకో వాక్యం చెక్కిద్దామన్నాడు. రాతిపనివాడు అక్షరాల పరిమాణం అడిగేసరికి ఆ వాక్యం ఏమిటో ఆర్వికే తోచలేదు. దాంతో వదిలేశాడు. అంత్యక్రియలకు నువ్వు రాలేకపోయావని ఎవరూ ఏమీ అనలేదు. సముద్రం మీద ఉన్నవాడికి కబురు అందిన రోజే రోజని అందరికీ తెలుసు. ప్రార్థనామందిరంలో కాఫీకి నూట ఇరవైమంది వచ్చారు. మీ వదిన సైయా రెండు రోజులు నిద్రపోకుండా రొట్టెలు కాల్చింది.

ఇక ఆ నర్సు సంగతి.

నీకు తెలిసినది ఆర్వి రాసినది. సెప్టెంబరు ఒకటో తేదీ, ఆదివారం ఉదయం. అమ్మకు కాలిపుండు వల్ల జ్వరం పెరిగి మాట తడబడుతోంది. డ్యూటీలో ఉన్న నర్సు ఇంకేరి వైద్యుడికి ఫోన్ చేసింది. ఆయన "ఆమెకు పడని మందులేమైనా ఉన్నాయా?" అని అడిగాడు. ఇంకేరి చేతిలోని టాబ్లెట్ కంప్యూటర్‌లో చూసి "ఏమీ లేవు" అంది. ఆయన చెప్పిన మందు మొదటి మోతాదు ఇచ్చింది. అది పెనిసిలిన్ జాతి మందు. నువ్వింకా పుట్టలేదు కాబట్టి చూసి ఉండవు, ఆర్వి పుట్టినప్పుడు ఆ మందుకే అమ్మ చావు అంచుదాకా వెళ్ళి వచ్చింది. ఈసారి ఆంబులెన్సు వచ్చేలోపే అయిపోయింది.

ఆ మాట అమ్మ కాగితాల్లో ఉంది. టాబ్లెట్‌లో కూడా ఉంది. సోమవారం పొద్దున కొత్త మేనేజరు తెరిస్తే మొదటి వరసలోనే కనబడింది. ఇంకేరి ఆ జాబితా పదకొండూ ఎనిమిదికి తెరిచిందని చిట్టాలో ఉంది. కనక ఆమె చూసి కూడా ఇచ్చింది, లేకపోతే కళ్ళ ముందున్నది చదవలేదు. అందరూ అనుకున్నది అదే. ఆమెను ఉద్యోగం నుంచి ఆపేశారు. పోలీసులు రెండుసార్లు పిలిచారు. ఈ నెల ఇరవై ఒకటిన ఆమె లైసెన్సు మీద విచారణ. మన కుటుంబం ఫిర్యాదు అక్కడికి చేరితే ఆమె ఇక జన్మలో ఎవరి మంచం పక్కనా నిలబడలేదు. బహుశా జైలు కూడా. నువ్వు సంతకం చేసి పంపావు. ఆర్వి చేశాడు. నా ఒక్కదాని సంతకమే ఆగింది. అక్క ప్రార్థన చేసుకుంటోంది, మనసు గట్టిపడటానికి టైము పడుతుంది అని ఆర్వి నీకు రాశాడట. అది నిజం కాదు.

అంత్యక్రియలైన మూడో రోజున అమ్మ సామాను తెచ్చుకోవడానికి నేనే వెళ్ళాను. సెలవు మీద ఉంచిన మనిషి అక్కడ ఉండకూడదు, కానీ తన లాకరు ఖాళీ చేయడానికి ఇంకేరి కూడా అదే రోజు వచ్చింది. ముప్ఫైరెండేళ్ళ మనిషి. కెమి అనే ఊరి నుంచి వచ్చి ఇక్కడ అద్దెకుంటోంది. ఆదివారాలు అమ్మకు జడ వేసేది ఆమే. లాండ్రీ గదిలో నేను అమ్మ మేజోళ్ళు జతలు కలుపుతుంటే తలుపు దగ్గర నిలబడింది.

"మీరు ఎల్మాగారి పెద్దమ్మాయి కదూ. యంత్రాల పని చేస్తారని చెప్పేవారు."

"అవును."

"మిమ్మల్ని క్షమించమని అడగడానికి రాలేదండీ. అది నేను ఎలా అడుగుతాను? ఒక్కటి చెప్పి పోతాను. నేను చూశాను. ఖాళీగా ఉంది. రెండోసారి కూడా తెరిచాను, అప్పుడూ ఖాళీగానే ఉంది. మా అమ్మ కూడా నమ్మడం లేదు. 'కంగారులో ఎవరి పేరు నొక్కావో' అంటోంది. ఎల్మాగారి పేరే నొక్కాను. పైన ఆవిడ ఫొటో ఉంది, కింద భోజనం సంగతులున్నాయి, రోజూ వేసే మందులున్నాయి. అదొక్కటే ఖాళీ."

నేను ఒకటే అడిగాను. "ఆ వారం అక్కడ ఎవరైనా ఉద్యోగం మానేశారా?"

ఆమె ఆలోచించింది. "పాత మేనేజరు. శనివారం ఆవిడ ఆఖరి రోజు. కేకు కోశాం. ఎందుకండీ?"

నేను మేజోళ్ళ కుప్పకేసి వంగాను. నా చేతిలో అమ్మ మేజోడు ఒకటి ఉంది, దాని జత దొరకలేదు. ఇంకేరి కాసేపు చూసి, "సరేనండీ" అని వెళ్ళిపోయింది.

పాత మేనేజరు మార్త. ఇంకేరి తబిత. తక్కిన జాబితాలకు అనుమతి వేరేవాళ్ళ చేతుల మీదుగా వచ్చింది, ఆ ఒక్కటీ మేనేజరు ఇచ్చింది. శనివారం సాయంత్రం ఆశ్రమం ఆఫీసువాళ్ళు మేనేజరు పేరు తీసేశారు. ఆదివారం పదకొండూ ఎనిమిదికి యంత్రం ఇంకేరికి సున్నా చూపించింది. చిట్టాలో "తెరిచింది, సఫలం" అని రాసుకుంది.

ఇప్పుడు ఆ ఫిబ్రవరి ఉదయం మిగతాది చెబుతాను.

కాఫీ దగ్గర రౌనో అన్నాడు, "హెల్కాగారూ, మీరు రాసింది చూశాను. పెద్దది అని పెట్టారేంటండీ? అది తప్పు కాదు, మనం కావాలని పెట్టిందే కదా. తాళం వేసి ఉందని చెబితే లోపల ఏదో ఉందని దొంగకి చెప్పినట్టే. గోడ అయితే దొంగ దారిన దొంగ పోతాడు."

నేనన్నాను, "వచ్చేవాళ్ళందరూ దొంగలు కారు కదా రౌనో."

"కారు. కానీ మనం కట్టేది దొంగ కోసమే. శుక్రవారం బయటికి పంపాలి. మీరు పెద్దది అంటే అది ఆగిపోతుంది. ఆగితే నాకు పైనుంచి ఫోను. మీరు చెప్పండి, ఏం చేద్దాం?"

నిజంగానే అడిగాడు, తూరె. దబాయించలేదు. ఆ గదిలో ఆ తాళాల సంగతి నాకంటే ఎక్కువ తెలిసినవాళ్ళు లేరని అతనికి తెలుసు. నేను కాదంటే ఆగేది. అప్పుడు పదకొండు గంటలు. పన్నెండుకి అమ్మ దగ్గర ఉండాలి. వాదిస్తే మధ్యాహ్నమంతా పోతుంది. పైగా నేను వాదించే మనిషిని కాను. చిన్నప్పటినుంచీ అదొక మంచి గుణమని అందరూ అన్నారు, నేనూ దాన్ని వినయమని అనుకుంటూ వచ్చాను.

బల్ల దగ్గరికి వెళ్ళి "పెద్దది" అన్నమాట తీసేశాను. అలాంటివాటిని మూసేటప్పుడు మా పనిలో రాసే మాట ఒకటుంది: "అనుకున్నట్టే పనిచేస్తోంది." ఆ మాట రాసి, కింద నా పొడి అక్షరాలు పెట్టి మూసేశాను. బూట్లు వేసుకుని బస్సెక్కాను. పన్నెండుకి ఐదు నిమిషాల ముందే అమ్మ దగ్గరున్నాను. బన్నులు వెచ్చగా లేవని అమ్మ అంది.

ఏప్రిల్‌లో ఆ కొత్త సిస్టమ్ అమ్మ ఉన్నచోటికే వచ్చింది. ప్రయోగంగా తీసుకున్న మూడు చోట్లలో అదొకటి. రౌనో చెప్పినప్పుడు నాకు సంతోషమేసింది. ఆ సున్నా గుర్తు రాలేదని నీతో అనలేను. వచ్చింది. ఒక్కసారి వచ్చి పోయింది. అమ్మకు చెప్పాను, "ఈ టాబ్లెట్‌లో తాళాలు నేను చూసినవే" అని. ఆ రోజు నుంచి గదిలోకి ఎవరొచ్చినా, కాలి గోళ్ళు తీయడానికి వచ్చిన అమ్మాయితో సహా, "మా పెద్దది చూసింది, భయం లేదు" అని చెప్పుకుంది.

లాండ్రీ గదిలో నాకు అంతా తెలిసిపోయాక ముప్ఫైమూడు రోజులు మాట్లాడలేదు. రోజూ ప్రార్థించాను. ఆ ప్రార్థనలో ఇంకేరి పేరు కలిపాను, ఆర్వి పేరు తరవాత, నీ పేరుకు ముందు. దేవునికి అన్నీ చెప్పాను కదా అనుకున్నాను. ఆయనకు ముందే తెలుసు. తెలియనివాళ్ళకు చెప్పాలి. అది అర్థం కావడానికి ముప్ఫైమూడు రోజులు పట్టింది. అన్ని రోజులూ ఆమె పోలీసుల ముందు కూర్చుని "ఖాళీగా ఉంది" అని చెబుతూనే ఉంది.

నిన్న పొద్దున రౌనోకి చెప్పాను. అతని ముఖం పాలిపోయింది. "హెల్కాగారూ, లాయరు వచ్చేదాకా ఏమీ రాయకండి, ఎవరితోనూ అనకండి. మీరు ఆ తప్పు రాసి మూసిన పేజీ బయటికి వెళ్ళకూడదు, మీకా అనుమతి లేదు" అన్నాడు. ఒక్క నిమిషం తరవాత, "నాదీ తప్పేనండీ" అన్నాడు. నాదని చెప్పాను. ఆ పేజీ కాగితం మీద తీసుకుని సంచిలో పెట్టుకున్నాను. ఇరవై ఏళ్ళలో అనుమతి లేకుండా నేను బయటికి తెచ్చినది అదొక్కటే. ఇక ఆ ఆఫీసు మెట్లు ఎక్కనివ్వరు.

నిన్న సాయంత్రం నాలుగింటికి ఆర్వి ఇంటికి వెళ్ళాను. సైయా కాఫీ పోసింది. ఆర్వి వర్క్‌షాపు నుంచి అప్పుడే వచ్చి, చేతులకు ట్రాక్టరు గ్రీజు ఉండగానే ఫిర్యాదు కాగితాలు రెండు వేళ్ళతో నా ముందుకు జరిపాడు.

"పెట్టక్కా సంతకం. నీ ప్రార్థనలు పూర్తయ్యేసరికి ఆ మనిషి ఇంకో ఇద్దరు ముసలమ్మల్ని సాగనంపేస్తుంది."

"ఆమె చూసింది, ఆర్వీ."

"చూసిందనే కదా నా గొడవ కూడా. పదకొండూ ఎనిమిదికి తెరిచింది. తెరిచి, చదివి, ఇచ్చింది."

"తెరిచింది. అందులో ఏమీ లేదు."

"ఎవరు చెప్పారు నీకు? ఆవిడేనా? వచ్చి ఏడ్చిందా? నీ దగ్గర ఎవరు ఏడ్చినా నువ్వు నమ్మేస్తావు."

"ఏడవలేదు. నాకు ఫిబ్రవరి నుంచే తెలుసు."

పేజీ అతని ముందు పెట్టాను. ఆర్వి అమ్మలాగే పెదాలు కదుపుతూ చదువుతాడు. ఒకసారి చదివి, మళ్ళీ మొదటినుంచి చదివాడు.

"ఈ కింద పొడి అక్షరాలు ఎవరివి?"

"నావి."

"అనుకున్నట్టే పనిచేస్తోంది," అని పైకి చదివాడు. "ఎవరనుకున్నట్టు అక్కా?"



సైయా, "ఆర్వీ, కాఫీ చల్లారిపోతోంది" అంది. ఏం అనాలో తోచక అంది. ఆర్వి లేచి ఇంటి వెనక్కి వెళ్ళాడు. కట్టెలు కొడుతున్న చప్పుడు వినిపించింది. సైయా నా పక్కన కూర్చుని బల్ల మీది పొడి చేత్తో పోగుచేస్తూ ఉండిపోయింది. మరో అరగంటకు ఆర్వి వచ్చాడు. కూర్చోలేదు.

"వాకిట్లో పోస్టుమాన్‌కి కూడా చెప్పిందట అమ్మ. మా పెద్దది చూసిన తాళం అని. నీకు తెలుసా?"

"తెలుసు."

"నెల పైనే అయింది. ఈ బల్ల దగ్గరే ప్రతి శనివారం కూర్చున్నావు. నేను ఆ పిల్లని ఎన్ని మాటలన్నానో అన్నీ విన్నావు. ఉప్పు అందించావు గానీ నోరు విప్పలేదు."

"అవును."

అప్పుడు మన మందిరంవాళ్ళు అడిగినట్టే అడిగాను. "ఆర్వీ, నా తప్పు క్షమించబడిందని నేను నమ్మవచ్చా?" నీకు తెలుసు కదా తూరె, మనలో అలా అడిగినవాళ్ళకు జవాబు ఆలస్యం చేయరు. నాన్న చేలో నాగలి ఆపి మరీ 'నమ్ము, క్షమించబడింది' అని చెప్పేవాడు. నువ్వు ఆ మందిరం వదిలి ఎన్నేళ్ళయినా ఆ మాట మరిచిపోయి ఉండవు.

ఆర్వి ఏమీ అనలేదు. కప్పులోకి చూశాడు.  అతను ఏమీ అనకపోవడాన్ని నేను ఎలాగైనా అర్థం చేసుకోవచ్చు. మనసులో క్షమించాడు, పైకి అనలేకపోతున్నాడు అని సర్దుకోవచ్చు. మన ఇళ్ళలో అలాగే సర్దుకుంటాం. కానీ ఆ సున్నా చూశాక నాకిక అలా సర్దుకోవడం చేతకాలేదు.

"ఏదో ఒకటి చెప్పు ఆర్వీ. లేదంటే లేదని చెప్పు. చెప్పకుండా మాత్రం ఉండకు."

కప్పు పక్కకు జరిపి అన్నాడు. "ఇప్పుడు కాదక్కా. నా నోటికి రావడం లేదు."

సరేనన్నాను. అలా చెప్పినందుకు కృతజ్ఞత చెప్పాను. తలుపు మూసే ఉంది, కానీ అది తలుపని నాకు తెలిసింది.

ఆ తరవాత ముగ్గురం కూర్చుని నిర్ణయించుకున్నది ఇది.

పాత ఫిర్యాదును సైయా పొయ్యిలో పెట్టింది. కొత్తది ఆర్వి తన చేత్తో రాశాడు, ఎనిమిది వరసలు. ఇంకేరి అనే నర్సు జాబితా తెరిచిందని, అది ఆమెకు ఖాళీగా కనబడిందని, ఆ లోపం చనిపోయినామె పెద్దకూతురికి ముందే తెలుసని, తెలిసి కూడా దాన్ని తన చేత్తో మూసేసిందని. "మూసింది అని రాయాలా, వదిలేసింది అని రాయాలా?" అని అడిగాడు. మూసింది అనే రాయమన్నాను. పేజీ దానికి జతచేశాం. సోమవారం ఉదయం నన్ను ఆర్వి తన కారులో విచారణ కార్యాలయానికి తీసుకెళ్తాడు. దారిలో ఇంకేరి ఇంటి ముందు ఆపుతాడు. లోపలికి నేనొక్కదాన్నే వెళతాను. అలా అనుకున్నాం. ప్రయోగంగా తీసుకున్న మిగతా రెండు చోట్లకు ఆ సాయంత్రమే సైయా తన ఫోను నుంచి విషయం చెప్పింది. వాళ్ళు కాగితం మీద జాబితాలు రాసి ప్రతి తలుపుకూ అంటించామని చెప్పారు. శనివారాలు ఆవిరిస్నానానికి నేను కొంతకాలం రావద్దని ఆర్వి అన్నాడు. ఎంతకాలమో చెప్పలేదు, నేను అడగలేదు. ఈ రోజు శనివారమే. ఇక్కడ కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

కింద ముగ్గురు పిల్లల సంతకాలకు చోటు వదిలాం. నాది పెట్టాను, ఆర్వి పెట్టాడు. నీ సంతకం పాత కాగితంతో పాటు కాలిపోయింది. కొత్తదాని నకలు ఇందులో ఉంది. నీ పేరు రాసి పక్కన గీత గీసింది ఆర్వి. నువ్వు సంతకం చేయవచ్చు. చేయనని రాయవచ్చు. ఈ అక్క ముఖం చూడనని రాసినా అది నీ హక్కు, విచారణ తేదీ దాటాక అందినా అది కూడా వాళ్ళకు అలాగే ఇస్తానని ఆర్వి అన్నాడు. నేను సరేనన్నాను.

ఆ గీత మీద ఏదో ఒకటి రాయి, తమ్ముడూ. ఖాళీగా మాత్రం పంపకు.

ఇట్లు,
నీ మేలు కోరే అక్క,
హెల్కా